పల్లకీలో రవి

మన బడిపిల్లలందరూ నిలబడి పాడే జాతీయగీతం రాసిన మహాకవికి, చిన్నప్పుడు బడి అంటే ఒళ్లు మంట. బడి ఎగవేయటానికి ఆయన పడని పాట్లు లేవు. బూట్లు నీళ్లలో ముంచుకుని తడి కాళ్లతో తిరిగేవాడు. మంచు కురిసే రోజుల్లో మేడమీద ఆరుబయట పడుకునేవాడు. ఎలాగైనా పడిశం పట్టి, జ్వరం తగిలి, నాలుగు రోజులు బడి తప్పకపోతుందా అని ఆశ. కాని ఏం లాభం? ఒళ్లు ఇనుపగుండు లాటిది. ఒక్క తుమ్ము కూడా వచ్చేది కాదు.

ఆ కుర్రవాడి పేరు రవి. పూర్తి పేరు రవీంద్రనాథ్ ఠాగూరు. 1861 మే 7న కలకత్తాలో జొరసాంకో అనే పేటలో, పెద్ద జమీందారీ ఇంట పుట్టాడు. తండ్రి దేవేంద్రనాథుడు, తల్లి శారదాదేవి. వారికి చాలామంది పిల్లలు. బతికి బట్టకట్టిన వారిలో రవి కడగొట్టువాడు.

గొప్పింటి పిల్లవాడు కదా, పట్టుబట్టలు కట్టుకుని, పాలూ మీగడా తింటూ పెరిగి ఉంటాడనుకుంటారు. అదేమీ లేదు. పదేళ్లు వచ్చేదాకా కాళ్లకు మేజోళ్లు ఎరగడు. తండ్రి ఎక్కువగా ప్రయాణాలలో ఉండేవాడు. తల్లికి అంత పెద్ద సంసారంలో తీరిక ఉండేది కాదు. పిల్లలంతా నౌకర్ల చేతి కింద పెరిగారు. ఆ నౌకర్లలో శ్యాం అని ఒకడుండేవాడు. వాడు రవిని గదిలో ఒకచోట కూచోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, ఈ గీత దాటావంటే ప్రమాదం సుమా అని చెప్పి, తన దారిన తాను పోయేవాడు. ఇంకో పిల్లవాడైతే నవ్వి గీత దాటేసేవాడే. కాని రవి అప్పటికే రామాయణం చదివాడు. గీత దాటి సీతమ్మ ఎన్ని కష్టాలు పడిందో అతనికి తెలుసు. అందుచేత కదలకుండా కూచునేవాడు.

అదృష్టం కొద్దీ పక్కనే కిటికీ ఉంది. కిటికీ కింద ఒక చెరువు, గట్టున పెద్ద మర్రిచెట్టు. పొద్దుటి నుంచి పేటలో వాళ్లు వచ్చి స్నానాలు చేసి పోతుంటారు. ఎవరు ఎలా మునుగుతారో, ఎవరు ఎన్ని మునకలు వేస్తారో రవికి కంఠతా వచ్చేసింది. మధ్యాహ్నానికి గట్టు ఖాళీ అయ్యేది. అప్పుడు ఆ మర్రి ఊడలూ, నీడలూ, నీటి మీద బాతులూ మిగిలేవి. ఆ నీడల్లో ఏముందో ఊహించుకుంటూ గంటలు గడిపేవాడు.

ఆ ఇంట్లో రవికి ఇంకొక ఆస్తి ఉండేది. అది నాయనమ్మ కాలం నాటి పల్లకీ. ఒకప్పుడు వైభవంగా తిరిగినదే. ఇప్పుడు రంగు వెలిసి, పరుపులోంచి పీచు బయటికొచ్చి, కచేరీ వసారాలో ఒక మూల పడి ఉంది. దాని సంగతి ఎవరికీ పట్టదు. ఏడెనిమిదేళ్ల రవికి కూడా ఇంట్లో ఎవరికీ పట్టనట్టే ఉండేది. మిట్టమధ్యాహ్నం నౌకర్లు భోజనాలకు పోయినప్పుడు అతను మెల్లిగా ఆ పల్లకీలో దూరి తలుపులు మూసుకునేవాడు. అంతే! బోయీలు లేని ఆ పల్లకీ అడవులు దాటేది. పులుల కళ్లు నిప్పుల్లా మెరిసేవి. చూస్తూ ఉండగానే పల్లకీ పడవయి సముద్రంలో తేలేది. ఈ పల్లకీని జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇక బడి సంగతి. విచిత్రమేమంటే బడికి పంపమని మొదట ఏడ్చినవాడు రవియే. అన్న సోమేంద్రుడూ, మేనల్లుడు సత్యా బండెక్కి బడికి పోయి వచ్చి, దారిలో చూసిన వింతలు చెప్పేవారు. అది విని రవికి ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. నేనూ పోతానని రాగం పెట్టాడు. ఇంటి దగ్గర చదువు చెప్పే మాష్టరు ఒక చెంపదెబ్బ కొట్టి, పోవటానికి ఇప్పుడు ఏడుస్తున్నావు, రేపు రానివ్వమని ఇంతకు రెట్టింపు ఏడుస్తావు అన్నాడట. అంత నిజమైన జోస్యం తన జన్మలో మరొకటి వినలేదని రవీంద్రుడు పెద్దవాడయ్యాక రాసుకున్నాడు.

మొదటి బడిలో ఏం నేర్చుకున్నాడో ఆయనకు గుర్తు లేదు. శిక్ష ఒక్కటే గుర్తుంది. పాఠం అప్పచెప్పని కుర్రవాణ్ణి బల్ల ఎక్కించి, చేతులు బార్లా చాపించి, అరచేతుల మీద పలకలు దొంతరగా పేర్చేవారు. ఈ విద్య రవి ఇంటికి వచ్చి వెంటనే అమలుపెట్టాడు. వసారా కటకటాల కొయ్య ఊచలే అతని శిష్యులు. ఒక బెత్తం పట్టుకుని వాటి ముందు కుర్చీ వేసుకుని కూచునేవాడు. ఏ ఊచ బుద్ధిమంతుడో, ఏ ఊచ అల్లరివాడో అతనికి తెలుసు. అల్లరి ఊచలకు పడిన దెబ్బలు చూస్తే ప్రాణముంటే అవి ప్రాణాలు విడిచేవే! గురువుగారి దగ్గర చదువు కంటె ముందు కోపం నేర్చుకున్నానని తరవాత ఆయన తనను తానే వేళాకోళం చేసుకున్నాడు.

తరవాత ఇంకొక బడి. అక్కడ ఒక మాష్టరు నోరు తెరిస్తే బూతులు. అటువంటి మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకూడదని రవి ఒట్టు పెట్టుకున్నాడు. ఏడాది పొడుగునా అందరికంటె వెనక బల్ల మీద, నోరు మెదపకుండా కూచున్నాడు. సంవత్సరాంత పరీక్షకు మధుసూదన వాచస్పతి అనే పండితుడు వచ్చాడు. బెంగాలీలో రవికి మొదటి మార్కు వచ్చింది! ఆ మాష్టరు ఊరుకుంటాడా? పరీక్షలో పక్షపాతం జరిగిందని పైవారికి ఫిర్యాదు చేశాడు. సరే, మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి పరీక్షకుడి పక్కన బడి అధికారి స్వయంగా కుర్చీ వేసుకుని కూచున్నాడు. రవికి మళ్లీ మొదటి స్థానమే వచ్చింది.

ఇంటి చదువు కూడా తక్కువేమీ కాదు. తెల్లవారకముందే కుస్తీ. తరవాత లెక్కలు, సంస్కృతం, బడి. బడి నుంచి రాగానే కసరత్తు, చిత్రలేఖనం. దీపాలు పెట్టాక ఇంగ్లీషు. ఇంగ్లీషు చెప్పే అఘోర్ బాబు వైద్యవిద్యార్థి, దుక్కలాటి ఆరోగ్యం గల మనిషి. ఒక్కనాడూ మానేవాడు కాదు. ఒక సాయంత్రం జోరున వాన పడింది. వీధిలో మోకాలిలోతు నీళ్లు. ఇవాళ మాష్టరు రాడు, దేవుడున్నాడు అని రవి వసారాలో నిలబడి సందు మలుపుకేసి చూస్తున్నాడు. గడియారం వేళ మీరింది. మనసు గంతులు వేస్తున్నది. అంతలో సందు మలుపు తిరిగి, చిల్లుల నల్లగొడుగు ఒకటి తాపీగా వస్తూ కనిపించింది! ప్రపంచంలో ఆ వానలో బయలుదేరగల మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను అఘోర్ బాబు.

పాపం, ఆయన చెడ్డవాడు కాడు. చదువు మీద పిల్లలకు రుచి పుట్టించాలని ఒకనాడు జేబులోంచి కాగితపు పొట్లం తీశాడు. దేవుడి సృష్టిలో అద్భుతం చూపిస్తానని పొట్లం విప్పాడు. అందులో ఉన్నది మనిషి గొంతుగొట్టం! ఊపిరితిత్తుల నుంచి పైకి వచ్చే గాలి గొంతులో రెండు సన్నని పొరల మధ్యగా పోతుంది. గాలి తాకిడికి ఆ పొరలు వీణతీగల లాగా అదురుతాయి. ఆ అదురే మన గొంతు. నాలుకా, పెదవులూ దాన్ని మలిచి మాటలు చేస్తాయి. ఇదంతా మాష్టరు ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. కాని రవి మొహం వేలాడేశాడు. మాట్లాడేది మనిషి మొత్తం అని అతను అనుకుంటున్నాడు. అది ఈ ముక్క చేసే పని అని తేలేసరికి ఏదో పోగొట్టుకున్నట్టయింది. శాస్త్రం ప్రకారం మాష్టరు చెప్పింది ఒప్పే. ఆ సంగతి రవీంద్రుడూ కాదనలేదు. ఆయన 76వ ఏట, 1937లో, నక్షత్రాల గురించీ పరమాణువుల గురించీ తేలికైన బెంగాలీలో “విశ్వపరిచయం” అనే సైన్సు పుస్తకమే రాశాడు. దాన్ని భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితం చేశాడు.

సాయంత్రపు పాఠం తప్పించుకోవటానికి రవికి ఒకే ఒక దారి ఉండేది. కడుపు నొప్పి అని తల్లి దగ్గరికి పోవటం. ఆ నొప్పి ఎటువంటిదో శారదాదేవికి తెలియదా? ఆమె లోపల నవ్వుకుని, నౌకరును పిలిచి, ఇవాళ పాఠం వద్దని మాష్టరుతో చెప్పు అనేది. పిల్లవాడికి ఒక పాఠం పోతే పోయిందనుకునే తల్లి ఆమె.

రవికి ఎనిమిదేళ్లప్పుడు, వయసులో తనకంటె పెద్దవాడైన జ్యోతి అనే మేనల్లుడి వరస కుర్రవాడు ఒక మధ్యాహ్నం గదిలోకి పిలిచి, పద్యం రాయి అన్నాడు. పద్యం అంటే ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడుతుందని రవి అనుకుంటున్నాడు. జ్యోతి పయారు అనే ఛందస్సులో పాదానికి పద్నాలుగు అక్షరాలు ఎలా కూర్చాలో చూపించాడు. మనకు ఆటవెలది ఎలాటిదో బెంగాలీ వారికి పయారు అలాటిది. ఇంతేనా అనిపించింది రవికి. కచేరీ ఉద్యోగి ఒకర్ని బతిమాలి నీలికాగితాల పుస్తకం సంపాదించి, పెన్సిలుతో గీతలు గీసుకుని రాయటం మొదలుపెట్టాడు.

తమ్ముడి కవిత్వానికి చాటింపు వేసే పని సోమేంద్రుడు తీసుకున్నాడు. ఒకనాడు నవగోపాల్ మిత్ర అనే పత్రికాసంపాదకుడు ఇంటికి వస్తే, మెట్ల దగ్గరే ఆపి తమ్ముడి చేత తామరపువ్వు మీద పద్యం చదివించాడు. అందులో తుమ్మెదను రవి “ద్విరేఫం” అన్నాడు. భ్రమరం అనే మాటలో రెండు రేఫలు ఉన్నాయి గనక తుమ్మెదకు ఆ పేరు. మన పద్యాలలోనూ కనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో సంపాదకుడు కిందా మీదా అయిపోతాడని రవి ధీమా. ఆయన పద్యమంతా విని, బాగానే ఉంది గాని, ఈ ద్విరేఫం అంటే ఏమిటోయ్ అని నవ్వాడు. ఈయనకు కవిత్వం తెలియదని రవి తీర్మానించుకున్నాడు. తిరిగి ఎన్నడూ ఆయనకు పద్యం వినిపించలేదు. నాకు మటుకు ఆ పిల్లవాడి కోపం చాలా ముచ్చటగా ఉంటుంది.

1873లో రవికి ఉపనయనం చేశారు. బోడిగుండుతో బడికి పోతే పిల్లలు బతకనిస్తారా అని దిగులు పడుతుండగా తండ్రి పిలిచి, నాతో హిమాలయాలకు వస్తావా అని అడిగాడు. రవి ఎగిరి గంతేశాడు. ఆ ప్రయాణం అతని బతుకులో పెద్ద మలుపు. తండ్రి అతన్ని నౌకర్లకు అప్పగించలేదు. డబ్బులపెట్టె చేతికిచ్చి లెక్క చూడమన్నాడు. ఖరీదైన గడియారం ఇచ్చి రోజూ కీ ఇవ్వమన్నాడు. రవి అతిశ్రద్ధగా కీ ఇచ్చి ఇచ్చి దాన్ని మరమ్మతుకు పంపించే స్థితికి తెచ్చాడు. అయినా తండ్రి కోప్పడలేదు. డల్‌హౌసీ కొండల మీద కర్ర పట్టుకుని ఒంటరిగా ఎంత దూరం పోయినా వద్దనలేదు. రాత్రుళ్లు నక్షత్రాలు చూపించి వాటి పేర్లు చెప్పేవాడు. ఎవరూ గీత గీయని చోట ఎలా ఉంటుందో రవి మొదటిసారి చూశాడు.

రెండేళ్ల తరవాత, 1875 మార్చిలో, శారదాదేవి చనిపోయింది. రవికి ఇంకా పద్నాలుగు నిండలేదు. అర్ధరాత్రి ముసలి దాదీ ఏడుస్తూ పిల్లల గదిలోకి వచ్చింది. పిల్లలు భయపడతారని వదినె ఆమెను వెంటనే అవతలికి తీసుకుపోయింది. ఏదో జరిగిందని తెలిసింది గాని ఏమిటో అర్థం కాలేదు. తెల్లవారి వసారాలోకి వచ్చి చూస్తే, తల్లి ముంగిట్లో మంచం మీద నిద్రపోతున్నట్టే ఉంది. ఆ మొహం చూస్తే మరణం భయంకరమైనదని తోచలేదు. శ్మశానం నుంచి తిరిగి వచ్చి వీధి మలుపులో తమ ఇల్లు చూసినప్పుడు మాత్రం, ఇక అమ్మ ఈ గుమ్మం దాటి తన చోటుకు రాదు గదా అని గుండె కలుక్కుమన్నది.

అటు తరవాత బడి చదువు సాగలేదు. ఆఖరి బడిలో డి పెనెరాండా అనే క్రైస్తవ గురువు ఒకాయన మాత్రం ఆయన మనసులో నిలిచిపోయాడు. ఆయన గొప్ప పాఠాలేమీ చెప్పలేదు. ఒకనాడు కలం కదపకుండా కూచున్న రవి భుజం మీద చెయ్యి వేసి, ఒంట్లో బాగా లేదా అని మెల్లిగా అడిగాడు. అంతే. ఆ చెయ్యి ఆయన ముసలితనంలో కూడా మరిచిపోలేదు.

పెద్దవాడయ్యాక, 1901 డిసెంబరు 22న, రవీంద్రుడు శాంతినికేతనంలో తానే బడి పెట్టాడు. మొదట ఉన్నది అయిదుగురు విద్యార్థులు. అందులో ఒకడు తన పెద్దకొడుకు రథీంద్రుడు. చెట్ల కిందనే తరగతులు. డబ్బు చాలకపోతే భార్య మృణాళినీదేవి తన నగలు తీసి ఇచ్చింది. పిల్లలకు స్వయంగా వండిపెట్టింది. ఆ బడి పెరిగి పెరిగి 1921లో విశ్వభారతి అయింది. మన తెలుగువారూ అక్కడికి వెళ్లి చదువుకున్నారు. 1955లో ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడి విద్యార్థే. ఆయన రవీంద్రుడి రచనలు ఎన్నో తెలుగు చేశాడు. రవీంద్రుడు కూడా మనవైపు వచ్చాడు. 1919లో మదనపల్లె కళాశాలలో కొద్దిరోజులుండి, “జనగణమన”ను ఇంగ్లీషులోకి తిప్పింది అక్కడే.

బడి పెట్టి ఏడాది తిరగకుండానే, 1902 నవంబరు 23న, మృణాళినీదేవి చనిపోయింది. అయిదుగురు పిల్లలు. అందరిలోకీ చిన్నవాడు సమీ. వాడికి ఇంకా ఆరేళ్లు నిండలేదు. రెండో కూతురు రేణుకకు క్షయ పట్టుకుంది. అప్పట్లో ఆ జబ్బుకు మందు లేదు. కొండగాలి మంచిదని వైద్యులు చెప్పేవారు. 1903 వేసవిలో రవీంద్రుడు రేణుకను హిమాలయాల్లోని అల్మోరాకు తీసుకుపోయాడు. ముప్ఫయి ఏళ్ల కిందట తండ్రి తనను తీసుకుపోయింది ఆ హిమాలయాలకే.

అక్కడ, ఆ పన్నెండేళ్ల పిల్ల మంచం దగ్గర కనిపెట్టుకుని ఉంటూ, ఆయన పిల్లల పద్యాలు రాశాడు. రాసినవి రాసినట్టు కలకత్తాలో తన కావ్యాలు అచ్చువేయిస్తున్న మోహితచంద్ర సేన్‌కు టపాలో పంపేవాడు. అవి ఆ ఏడే “శిశు” అన్న పేరుతో వెలువడ్డాయి. పదేళ్ల తరవాత, 1913లో, వాటిలో చాలా పద్యాలను ఆయనే ఇంగ్లీషు చేశాడు. ఆ పుస్తకం పేరుకు అర్థం నెలవంక.

ఏడుపు పద్యాలనుకునేరు! చాలావాటిల్లో అల్లరే అల్లరి. ఒకదానిలో పిల్లవాడు పొద్దుటినుంచి చదివి చదివి విసిగి, ఇప్పుడు సాయంత్రమైపోయిందనుకుందామమ్మా అని తల్లితో వాదం వేసుకుంటాడు. ఇంకొకదానిలో, నాన్న కట్టలు కట్టలు కాగితం పాడుచేసి ఏదేదో రాస్తుంటే ఏమీ అనవు, నేనొక్క కాగితం తీస్తే తిడతావేమని అమ్మను నిలదీస్తాడు. వేళాకోళం పడుతున్న ఆ నాన్న ఎవరో చెప్పనక్కర్లేదు. మరొకదానిలో పిల్లవాడు మాష్టరు వేషం వేస్తాడు. శిష్యుడు ఒక పిల్లికూన. పాఠం చెబుతుంటే అది ఆవులిస్తుంది, పిచ్చిక వస్తే దాని వెంట పరుగెత్తుతుంది. ఈ మాష్టరు చేతిలో కర్ర ఉంది గాని, కొట్టడు. ఊరికే పట్టుకుని కూచుంటాడు. వసారా ఊచలను చావబాదిన రవి, ముప్ఫయి ఏళ్లకు పైగా గడిచాక, ఆ పిల్లికూన మీద మటుకు దెబ్బ పడనివ్వలేదు.

పల్లకీ గుర్తుందా? “వీరపురుషుడు” అనే పద్యంలో అది మళ్లీ వస్తుంది. ఇప్పుడందులో అమ్మ కూచుని ఉంది. కొడుకు గుర్రమెక్కి పక్కన వస్తున్నాడు. పొద్దు గూకి, మనుష్యసంచారం లేని మైదానంలో దొంగలు కేకలు పెడుతూ వచ్చి పడతారు. బోయీలు పొదల్లో దాక్కుంటారు. కొడుకు ఒక్కడే కత్తి తీసి పోరాడి గెలిచి వస్తాడు. అమ్మ పల్లకీ దిగి వాణ్ణి ముద్దాడుతుంది. నా బిడ్డ తోడుండబట్టి సరిపోయింది అనుకుంటుంది. అంతా అయ్యాక, ఇటువంటిది ఒక్కటైనా నిజంగా ఎందుకు జరగదని పిల్లవాడు అడుగుతాడు.

బెంగాలులో ఈ పద్యం నోటికి రాని పిల్లలు తక్కువ. వాళ్లు దాన్ని ఛాతీ విరుచుకుని చదువుతారు. చదవవలసింది కూడా అలాగే. కాని పెద్దలు ఒక సంగతి గమనించాలి. ఈ పద్యాలలో దాదాపు ప్రతి మాటా పిల్లవాడు అమ్మతో చెబుతున్న మాటే. అవి రాసిన నాటికి సమీకి అమ్మ లేదు, రేణుకకు లేదు. రాస్తున్న నాన్నకూ పద్నాలుగో ఏటినుంచి లేదు. కడుపు నొప్పి అంటే నవ్వి పాఠం మాన్పించిన ఆ తల్లి పద్యంలోనే ఉంది.

రేణుక ఆ సెప్టెంబరులోనే చనిపోయింది. సమీ శాంతినికేతనంలో పెరిగాడు. తండ్రి పద్యాలు వాడికి ప్రాణం. 1907లో వసంతం రాగానే తోటిపిల్లలను కూడగట్టి ఆటపాటలతో ఋతువుల పండుగ జరిపించింది వాడే. ఆ ఏడే సెలవులకు స్నేహితుడితో ముంగేరు వెళ్లి, కలరా తగిలి, నవంబరు 23న పోయాడు. తల్లి పోయిన తారీకూ అదే. వాడికి పదకొండేళ్లు నిండలేదు. శాంతినికేతనంలో వసంతోత్సవం ఆ తరవాత ఆనవాయితీ అయింది.

రవీంద్రుడు పిల్లల కోసం రాయటం మానలేదు. 1922లో “శిశు భోలానాథ్” అని ఇంకొక పద్యాల పుస్తకం వచ్చింది. 1930లో అక్షరాలు నేర్చే పిల్లలకు “సహజపాఠం” రాస్తే, నందలాల్ బోసు దానికి బొమ్మలు చెక్కి ఇచ్చాడు. పలకల దొంతర మోసిన బడి జ్ఞాపకం ఉన్నవాడు గనక, అందులో చదువుకు ముందు వానా, చెట్లూ, సంతా కనిపిస్తాయి.

1940లో, చనిపోవటానికి ఏడాది ముందు, పిల్లలకు ఏదైనా రాయమని ఎవరో అడిగితే తన చిన్ననాటి ముచ్చట్లు చెప్పాడు. ఆ పుస్తకం పేరు “ఛేలేబేలా”. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. ఒళ్లు బొత్తిగా స్వాధీనంలో లేదు. ఆ పుస్తకం తెరిస్తే తొలి పుటలలోనే కచేరీ వసారా మూల నాయనమ్మ పల్లకీ ఉంటుంది. బయట మిట్టమధ్యాహ్నం. నౌకర్లు భోజనాలకు పోయారు. తలుపులు మూసి ఉన్నాయి. లోపల ఎవరో ఉన్నారు.